మూడో సాంచె ముద్దు

పై పెదవి మీద, ముక్కు పక్కన లేచిన కురుపును వత్తకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్ద సిస్టర్ నా వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పిన మాట ఇది. ఆ చోటి రక్తనాళాలు కళ్ళ వెనక్కి, అక్కణ్ణుంచి మెదడు దాకా దారి చూపిస్తాయి. పైనుంచి నొక్కితే చీము సగం బయటికి వస్తుంది, సగం ఆ దారి పడుతుంది. ముప్పై ఏళ్ళు ఈ పాఠం నా కింద పనిచేసిన పిల్లలందరికీ నూరిపోశాను, వాళ్ళ వేళ్ళ మీదా కొట్టాను. చెప్పేవి శ్రీరంగ నీతులు! రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉందనగా ఒక మధ్యాహ్నం నేనే వత్తాను.

డ్రెస్సింగ్ గదుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పేర్లు చెప్పను. పేర్లు చెప్తే మీరు మనుషుల్ని గుర్తుపెట్టుకుంటారు, తప్పును మర్చిపోతారు.

మాది నీలం నగర్‌లో రెండు గదుల మునిసిపాలిటీ దవాఖాన. చుట్టూ తాతల కాలంలో తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చిన నేతవాళ్ళ ఇళ్ళు. ముందు గదిలో కాపురం, వెనక రేకుల షెడ్డులో సాంచెలు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. ఆడవాళ్ళు గడపల్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. నేనూ జోడ్‌భావి పేట్‌లో అలాంటి ఇంట్లోనే పుట్టాను కాబట్టి ఈ మనుషుల చర్మం నాకు పుస్తకం అక్కర్లేకుండా తెలుసని పెద్ద గీర. బీడీ ఆకు కత్తిరించే కత్తెర వేలిని కోస్తుంది, ఆ కోత మీద తంబాకు పొడి అద్దుతారు. షెడ్డులో చెమట, చెమట మీద నూలు నుసి, దాని మీద గోళ్ళు. ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాలు. షుగర్ ఉన్నవాడికి కాల్లో మేకు దిగినా తెలియదు. ఐదు రోజుల గోలీలు ఇస్తే రెండో రోజుకే తగ్గిందని మిగతావి దాచి పక్కింటాయనకు పెడతారు. చీము పుట్టించే క్రిమి ఎక్కణ్ణుంచో రాదమ్మా. మన చర్మం మీదే, మన ముక్కులోనే చడీచప్పుడు లేకుండా ఉంటుంది. చిన్న గీటు పడితే చాలు, లోపలికి పోతుంది.

ఆ ముసలాయనకు నాలుగు సాంచెలుండేవి. మూడోదాన్ని ఎవరికీ ఇవ్వకుండా తానే నడిపేవాడు. ఒంట్లో షుగర్. పై పెదవికి ఎడమ పక్కన కందిగింజంత కురుపుతో వచ్చాడు.

"వత్తెయ్ బిడ్డా. తలకాయంత సలుపుతున్నది."

"వత్తద్దు పెద్దబాపూ. గోలీలు ఇస్త. వేడినీళ్ళ బట్టతోని కాపడం పెట్టుకో, రేపు మళ్ళ రా."

"రేపు నాకు తీరదు. నువ్వు వత్తుతవా, నేనే ఇంటికి పొయ్యి సూదితోని పొడుసుకోవాల్నా?"

బయట జనం వరుసకట్టి ఉన్నారు. చేతి తొడుగుల డబ్బా ఖాళీ అయి రెండు రోజులైంది. కరోనా పోయిందని మాస్కు విప్పి సంచిలో పడేసి ఎన్నాళ్ళో అయింది. సూదితో పొడుచుకుంటే ఇంకా చెడుతుంది కదా అని నా మనసుకు నేనే సర్దిచెప్పుకుని, ముక్కు మీది చెమట చేత్తో తుడుచుకుని, గాజుగుడ్డ పెట్టి రెండు బొటనవేళ్ళతో వత్తాను. చీము వచ్చింది. ఆయన "హమ్మయ్య" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడో రోజు చలిజ్వరం. నాలుగో రోజు కళ్ళు రెండూ ఉబ్బి బయటికి వచ్చాయి. ఐదో రోజు పెద్ద దవాఖానలో పోయాడు. జ్వరం తలకెక్కిందని వీధి అనుకుంది. ఎక్కింది ఏమిటో నాకు తెలుసు. పరామర్శకు వెళ్ళి ఆయన భార్యను పట్టుకుని ఏడ్చాను గానీ ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. అంత సిగ్గుమాలిన ఏడుపు నేను జన్మలో ఏడవలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పోయిన నేతగాడి నాడెను ఆయన ఫోటో ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది, పదకొండో రోజు అదే నాడెతో సాంచె మళ్ళీ నడిపిస్తారు. ఏడాది తిరిగేదాకా దాన్ని మార్చరు. నాడె అంటే దారం చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని నిలువు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కట్టె. ఫోటో కోసం ఆఖరి వారంలో కోడలు ఫోనులో తీసిన బొమ్మనే పెద్దది చేయించారు. పెదవి పక్కన కురుపు ఎర్రగా కనబడుతోంది. స్టూడియో అతను చెరిపేస్తానంటే ముసలమ్మ వద్దంది. "ఉన్నది ఉన్నట్టే ఉండనీ" అందట. షెడ్డులోకి పోవాలంటే ఆ ఫోటో కింది నుంచే పోవాలి.

మూడో సాంచె మీదికి ముందు ముసలాయన మేనల్లుడు ఎక్కాడు. రెండు వారాలు తిరక్కుండానే నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పై పెదవి, ఎడమ పక్క, కందిగింజంత.

"మామ ముద్దు పెట్టిండు సిస్టర్" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. వత్తనూ లేదు. గోలీలిచ్చి, రోజూ రప్పించుకుని, మానేదాకా చూశాను. అతను మళ్ళీ ఆ సాంచె ఎక్కనన్నాడు. పక్క వీధి నుంచి ఒక నడివయసు పనివాణ్ణి పెట్టుకున్నారు. ఇరవై రోజులకు అతనూ వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు. అదే పెదవి, అదే పక్క, అదే చోటు. కొలత పెట్టినట్టు.

"సిస్టర్, గా సాంచె దగ్గుతది" అన్నాడతను మెల్లగా. "నమ్మకుంటె వచ్చి విను."

వెళ్ళి విన్నాను. పట్టపగలు, నాలుగు సాంచెలూ నడుస్తుంటే చెవులు దద్దరిల్లుతున్నాయి. ఒకటి, రెండు, నాలుగు ఒకే తీరుగా కొడుతున్నాయి. మూడోది మాత్రం కొంత సేపు కొట్టి, మధ్యలో గొంతులో కఫం అడ్డుపడ్డట్టు ఒక్క క్షణం తడబడి, సవరించుకుని మళ్ళీ కొడుతోంది. ముసలాయన నా గదిలోకి వచ్చే ముందు గుమ్మంలో అచ్చం అలాగే గొంతు సవరించుకునేవాడు.

అయినా నేను నర్సును కదా, దయ్యానికీ ఒక కారణం వెతకాలి. తువ్వాళ్ళు ఉడకబెట్టించాను. దిండ్ల గలేబులు మార్పించాను. నీళ్ళు తాగే లోటాలు వేరు చేయించాను. గడ్డం గీసుకునే బ్లేడు ఎవరిది వారిదేనా అని అడిగాను. సాంచె మీద చేతులు తగిలే చోటల్లా మందు నీళ్ళతో తుడిపించాను. నాడెను మాత్రం తుడిపించలేదు. నీళ్ళు తగిలితే కట్టె వంకరపోతుందని నేతింటి పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంతదాన్ని?

ఇక ఆ సాంచె ఎక్కడానికి బయటివాళ్ళెవరూ రాలేదు. ముసలాయన కోడలు ఎక్కింది. ముప్పై దాటని మనిషి, చలాకీది. వీధిలో నాకు మొదట నమస్కారం పెట్టేది ఆ పిల్లే. "ఆడిదాన్నని ఊకుంటడేమో తియ్యి అక్కా" అని నన్నే ఆటపట్టించింది.

కొన్నాళ్ళకు గడపల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే కోడలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కనబడింది. ఏమైందంటే పన్ను నొప్పి అంది. కొంగు తియ్యమంటే లోపలికి పోయింది. నేను వెంటపడి లాగి చూడాల్సింది. చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందోనని నాకే భయం.

రెండు రోజులకు ఆమె భర్త దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, కన్ను... జర లౌకర్ రా, జల్ది" అన్నాడు.

లోపలి గదిలో చాప మీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పై పెదవి మీద తడి తంబాకు ముద్ద. దాని కింద పిన్నీసుతో పొడుచుకున్న పుండు. ఎడమ కన్ను ఉబ్బి, రెప్ప మూతపడక, గుడ్డు ముందుకు తోసుకొచ్చి ఉంది. ముసలాయనకు నాలుగో రోజున ఉన్న ముఖం అది. ఎదురుగా గోడ మీద ఆయన, పెదవి పక్కన ఎర్రని చుక్కతో.

"ఎందుకు దాచినవే పిచ్చిదానా?"

"మొగోళ్ళకు వస్తె నవ్విండ్రక్కా. నాకు వస్తె ఏమంటరు? సచ్చిన మామ కోడలి మూతికాడికి వచ్చిండంటరు. అప్పుడే అంటున్నరు గద. దవాఖాన నకో అక్కా, వద్దు. నన్ను గిట్లనే పోనియ్."

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. "ఆయనకు ఏం కావాల్నో అడిగిపిస్త. దయ్యాలను దించెటి భగత్‌ను పిలిపించిన. అది గడప దాటద్దు" అంది. కొడుకు తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్ళలో తల్లి మాటకు ఎదురు చెప్పని మనిషి. "అవ్వా, జరుగు" అని ఆమెను ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

పెద్ద దవాఖానలో ఒక కుర్ర డాక్టరమ్మ ఉంది, మరాఠీ పిల్ల. చూడగానే ముఖం మారిపోయింది. కంటి వెనక నాళంలో రక్తం గడ్డకట్టిందంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏం చేయలేకపోయేవాళ్ళం, ఇప్పుడైనా మాట ఇవ్వలేనంది. ఒకే చోట అందరికీ కురుపులని నేను చెప్పిన కథంతా విని, మేనల్లుణ్ణి, భర్తను పిలిపించి ముక్కుల్లో దూది పుల్లలు తిప్పి నమూనాలు తీసింది. చివర్లో నా వైపు తిరిగి, "సిస్టర్, వీళ్ళందరికీ కట్లు కట్టింది మీరే కదా, మీరూ కూర్చోండి" అంది. నాకు చిరాకేసింది. కూర్చున్నాను.

ఆమె బట్టలు, కార్డులు తెమ్మని భర్త నన్ను బతిమాలాడు. నేను ఆ ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయింది. వీధి వీధంతా సాంచెలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో బతికినదాన్ని, ఆ నిశ్శబ్దం నాకు చెవిలో వేలు పెట్టినట్టుంది. కార్డుల సంచి షెడ్డులో మేకుకు ఉంది. ఫోటో కింది నుంచి లోపలికి వెళ్ళాను. మూడో సాంచెలో కండె అయిపోయి నాడె బయటే ఉంది. పక్కన నిండు కండె ఒకటి. చూడండి, ఆ తర్వాత జరిగినదానికి నేను బాధ్యురాలిని కాను, నా చేతులే చేశాయి. ఎడమ చేత్తో నాడె తీశాను, కుడి చేత్తో కండె ఎక్కించాను, దారం కొస కన్నం దగ్గర పెట్టి, నాడె కన్నానికి మూతి ఆనించి ఊపిరి లోపలికి పీల్చాను. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని ఎన్ని వేలసార్లు చేశానో! అలా పీలిస్తేనే కదా దారం కన్నంలోంచి నాలుక మీదికి వచ్చేది.

ఎడమ పక్క పెదవి చురుక్కుమంది.

వేలు పెట్టి చూసుకుంటే రక్తం. నాడె కన్నానికి ఉండే పింగాణీ వలయం ఒక పక్క పగిలి, గాజు పెంకులా అంచు తేలి ఉంది. ఆ చిన్న షెడ్డులో, ఆ నిశ్శబ్దంలో, ఎవరో నా ముఖం దగ్గర ముఖం పెట్టి ఊపిరి వదిలినట్టు అనిపించింది. నిజంగానే పెట్టారు మరి. ముసలాయన మూతి, మేనల్లుడి మూతి, పనివాడి మూతి, కోడలి మూతి, ఇప్పుడు నా మూతి. రోజుకు లెక్కలేనన్నిసార్లు, తడి ఆరని అదే కన్నం మీద. సంచి ఎలా తీసుకున్నానో, బయటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు.

నాడెను ప్లాస్టిక్ కవర్లో వేసుకుని డాక్టరమ్మ ముందు పెట్టాను. దారం ఎలా ఎక్కిస్తారో చేసి చూపించాను. ఆ పిల్ల నోరు తెరిచింది.

"నోటితోనా? అందరూ దీన్నేనా?"

"మరింకెట్ల ఎక్కిస్తరు?" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

నాలుగు రోజులకు కాగితం వచ్చింది. కోడలి చీములో, నాడె మీద, మేనల్లుడి ముక్కులో ఒకటే క్రిమి. మూడు చోట్లా ఒకే మందులకు లొంగింది, ఒకే మందులకు లొంగలేదు. ఇంకొకరి ముక్కులోనూ అదే. నాది. నాడె నా నోటికి తగలకముందే తీసిన నమూనా అది.

"మీ నుంచి వాళ్ళకు వచ్చి ఉండొచ్చు, వాళ్ళ నుంచి మీకు అంటి ఉండొచ్చు" అంది డాక్టరమ్మ. "ఎటు నుంచి ఎటు అని ఈ కాగితం చెప్పదు సిస్టర్. ముక్కులో పూసుకునే మందు రాస్తాను." నేను కాగితం పట్టుకుని ఆ వసారాలో చాలాసేపు కూర్చున్నాను. ముసలాయన కురుపు వత్తే ముందు ముక్కు తుడుచుకున్న చేయి నా ఒళ్ళోనే ఉంది.

కోడలు బతికింది. మూడు వారాలకు పైగా పట్టింది. ఎడమ రెప్ప సగం వాలిపోయింది, ఒక్కటి రెండుగా కనబడుతోంది. అయినా బతికింది, ఇంటికి వచ్చింది. వచ్చిన రోజున నేనూ వెళ్ళాను.

వీధంతా గుమిగూడి ఉంది. అత్త గడపకు అడ్డంగా చెయ్యి పెట్టింది. "పుట్టింటికి తోలుకపోండ్రి. దాని మీద ఆయన ఉన్నడు. దాన్ని లోపటికి రానిస్తె నా కొడుకును మింగుతడు" అంది. కోడలు కొంగు ముఖం మీదికి లాక్కుని కింద చూస్తోంది. భర్త చేతిలో మూట. ఒక్కరు కూడా పోనీలే అనలేదు.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "పెద్దమ్మా, చెయ్యి తియ్యి. పెద్దబాపు ఎవలకాడికీ రాలే. నాడె పగిలింది, పెదవులు కోసింది. ఆ కోతల్ల పడ్డ పురుగు నాది. నా ముక్కులది. ఇగో కాగితం."

"నువ్వు బతికున్నదానివి, నీదెట్ల అంటది?" అన్నది ఎవరో. కొందరు నవ్వారు.

"బతికున్నోళ్ళదే అంటది. పెద్ద డాక్టర్ రాసిచ్చింది, చదువుకోండ్రి."

డాక్టరమ్మ 'ఉండొచ్చు' అంది. నేను 'అవును' అని చెప్పాను. ఉండొచ్చు అంటే ఆ గడప తెరుచుకోదు. అత్త కాగితం వైపు చూసింది, చదవడం రాదు. నా ముఖం వైపు చూసింది. చెయ్యి తీసింది.

మరి ఆ తర్వాత నా గతి? మర్నాటి నుంచి నా గదిలో స్టూలు ఖాళీ. పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు నన్ను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మందు పూసుకున్నాను, రెండోసారి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది, ఆ కాగితం ఎవరూ చదవలేదు. ఆఫీసు వాళ్ళు నన్ను చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ వీధిలో సాంచె సాంచెకూ దారం ఎక్కించే వైరు కొక్కెం తయారైంది. మూడో సాంచెకు నాడె మార్చారు. దగ్గు మాత్రం పోలేదు. మెకానిక్ ఏవేవో మార్చాడు, అయినా పోలేదు. ఎందుకో నన్ను అడగకండి.

అందరూ నన్ను గొప్పదాన్ని అనుకోవాలని ఇది రాయడం లేదు. ఎందుకంటే ఆ రోజు వీధి ముందు ఒప్పుకున్నది, నేను చేశానో లేదో తెలియని తప్పు. తెలిసిన తప్పును అప్పుడూ మింగేశాను. పురుగు ఎవరిదైనా కానీ, దాన్ని రెండు బొటనవేళ్ళతో ఆయన తలలోకి తోసింది నేను. ఆ మాట ఆయన భార్య ముందు నిలబడి కూడా నాకు రాలేదు.

రిటైరయ్యే నెలలో ఒక ఉదయం కోడలు దవాఖానకు వచ్చింది. చూపు సరిగ్గా లేక సాంచె మానేసి ఇంట్లో బీడీలు చుడుతోంది. కత్తెర జారి చూపుడు వేలు కోసుకుంది. తంబాకు అద్దలేదు, అది చూసి సంతోషించాను. కొత్త సిస్టర్ పిలుస్తున్నా వినకుండా నా బల్ల ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"నువ్వే కట్టు అక్కా. జర ముక్కు కడుక్కొనిరా" అని వాలిన రెప్పతోనే నవ్వింది.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. తొడుగులు వేసుకున్నాను. ఆమె వేలు పట్టుకున్నాక ఇక ఆగలేకపోయాను. "నీకొక మాట చెప్పాలె. మీ మామ పొక్కు వత్తింది నేను. వత్తద్దని తెలిసీ వత్తిన" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"తెలుసు అక్కా" అంది. "గా దినం మామ ఇంటికి వచ్చి చెప్పిండు. సిస్టర్ వత్తింది కోడలా, ఎంత హాయిగుందో అన్నడు. ఎన్నొద్దులకో గా రాత్రే మంచిగ పండుకున్నడు. అత్తకు నేను చెప్పలే. నువ్వూ చెప్పకు."

నాకు కట్టు కనబడలేదు, కళ్ళు అలా నిండిపోయాయి. ఆమె రెండో చేత్తో గుడ్డ కొస పట్టుకుని నా వేళ్ళ కిందికి జరిపింది. తర్వాత, "గట్టిగ కట్టు అక్కా, ఇంక ఆకు కత్తిరియ్యాలె" అంది.